కొండంత కడలి

*తిరుమల కొండలు, భీమిలి ఎర్రమట్టి దిబ్బలు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఒకటి కోట్ల ఏళ్ల నాటి సముద్రపు ఒడ్డు, ఇంకొకటి నిన్నమొన్నటిది. ఈ రెండింటి మధ్య రాయలసీమ, పల్నాడు, నల్లమల పొడవునా పరుచుకున్న పొరల రాళ్లు మన ఇళ్ల గచ్చుల దాకా వచ్చాయి. వాటిని చదవడం ఎలా?*

ఉదయం తొమ్మిది గంటల వేళ. దర్శనం చేసుకున్న జనంతో బస్సు తిరుమల నుంచి కిందికి దిగుతోంది. కొత్త గుండ్ల మీద గంధం ఇంకా పూర్తిగా ఆరలేదు. ఒళ్లో లడ్డూల సంచులు, కాళ్ల దగ్గర చెప్పుల మూటలు. మలుపు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ‘గోవిందా’ అంటే బస్సంతా అందుకుంటోంది. కిటికీ పక్కన కూర్చున్న ఆరేడేళ్ల పిల్లాడు మాత్రం తలెత్తి కొండ అంచునే చూస్తున్నాడు. ఎర్రటి రాయి, నిట్టనిలువుగా నిలబడి ఉంది. దాని ఒంటినిండా అడ్డంగా వరసలు వరసలు.

‘‘తాతా, ఆ రాళ్లు ఎవురు పేర్చినారు?’’

‘‘ఇంకెవురు రా, సామే.’’

పెద్దాయన భక్తితో చెప్పిన ఆ జవాబుతో ఎవరికీ పేచీ లేదు. పిల్లాడి ప్రశ్నలో మాత్రం భూగర్భ శాస్త్రం మొత్తం ఉంది. ఆ రాళ్లు నిజంగానే పేర్చినవి. లావా చల్లారి ఒక్క ముద్దగా గడ్డకట్టినవి కావు. ఇసుక ఒక పొరగా పడి, దాని మీద ఇంకో పొర పడి, కోట్ల ఏళ్లు అలా పడుతూ పడుతూ గట్టిపడ్డవి. ఆ ఇసుకను తెచ్చి పరిచింది సముద్రం. సముద్ర మట్టానికి ఎనిమిది వందల మీటర్లకు పైన ఉన్న తిరుమల కొండ ఒకప్పుడు అలలు తాకే ఒడ్డు.

2025 సెప్టెంబరులో మన దేశం నుంచి ఏడు ప్రకృతి వారసత్వ స్థలాలు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అందులో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: తిరుమల కొండలు, విశాఖ ఎర్రమట్టి దిబ్బలు. అప్పటి నుంచి కొండ గొప్పతనం గురించి చాలామంది మాట్లాడుతున్నారు. ఆ రాయి ఏం చెబుతోందన్నది మాత్రం అంతగా వినబడటం లేదు.

గీతకు అటూ ఇటూ

ఘాట్ రోడ్డు కోసం కొండను తొలిచిన చోట్ల రెండు రకాల రాళ్లు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కింద గ్రానైటు. పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, అంటే బాగా బిగిసిపోయిన ఇసుకరాయి. ఈ ప్రాంతపు క్వార్ట్‌జైట్‌కు శాస్త్రవేత్తలు నగరి పేరు పెట్టారు. రెండూ కలిసే చోటు ఒక గీతలా ఉంటుంది. ఆ గీతను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. ఆ సంస్థ లెక్క ప్రకారం కింది గ్రానైటు వయసు 210 కోట్ల ఏళ్లకు పైన, పై క్వార్ట్‌జైట్ వయసు సుమారు 160 కోట్ల ఏళ్లు.

అంటే ఆ గీతలో 50 కోట్ల ఏళ్లు ఉన్నాయి. భూమ్మీద మొదటి చేపలు పుట్టినప్పటి నుంచి ఇవాళ్టి దాకా గడిచిన కాలం దాదాపు అంత. ఆ కాలమంతా ఇక్కడ గ్రానైటు నేల గాలికీ వానకూ అరుగుతూనే ఉంది. కొత్తగా ఏదీ పేరుకోలేదు, పేరుకున్నది ఏదైనా ఉంటే అది కూడా కొట్టుకుపోయింది. తర్వాత సముద్రం వచ్చింది. అరిగి చదునైన ఆ నేల మీద మొదటి ఇసుక పొర పడింది. బస్సులో ఒక్క మలుపు తిరిగే సేపట్లో ఆ 50 కోట్ల ఏళ్లను దాటేస్తాం.

ఆలయానికి దగ్గర్లోని శిలాతోరణాన్ని చూడని యాత్రికులు తక్కువ. దాదాపు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఆ సహజమైన కమాను కూడా ఈ క్వార్ట్‌జైటే. బలహీనంగా ఉన్న భాగాలు గాలికి, నీటికి రాలిపోగా గట్టి పొరలు మిగిలి తోరణమయ్యాయి. శేషాచలం లోపల 270 అడుగుల ఎత్తు నుంచి దూకే తలకోన జలపాతం కూడా ఇలాంటి రాతి గోడ మీది నుంచే దూకుతుంది.

సముద్రమని ఎలా చెప్పగలరు?

ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఇది. జవాబు కోసం ప్రయోగశాలకు వెళ్లనక్కర లేదు, కాకినాడ తీరానికో సూళ్లూరుపేట దగ్గరి పులికాట్‌కో వెళ్తే చాలు.

పోటు తగ్గాక తడి ఇసుక మీద నడిచిన వాళ్లకు పాదాల కింద తగిలే సన్నటి గట్లు తెలుసు. అవి అలలు ముందుకూ వెనక్కూ ఊగడం వల్ల ఏర్పడ్డ గీతలు. వాటికి రెండు వైపులా వాలు ఒకేలా ఉంటుంది. ఏటి ప్రవాహం చేసిన గీతలైతే ఒకవైపు వాలు నిదానంగా, ఇంకోవైపు నిట్రంగా ఉంటుంది. నీరు ఎటు పారిందో ఆ నిట్ర వాలే చెబుతుంది. గండికోట కొండ మీద, శేషాచలంలో రాతి పలకల మీద సరిగ్గా ఇవే గీతలు రాయై కనిపిస్తాయి. వేలితో తడిమితే గట్టూ పల్లమూ తెలుస్తాయి.

వేసవిలో పులికాట్ అంచుల్లో నీరు ఇంకిపోయి బురద పలకలు పలకలుగా బీటలు వారుతుంది. ఆ బీటల్లోకి ఇసుక చేరి, పైన మళ్లీ బురద పడితే ఆ నెర్రెలు అలాగే నిలిచిపోతాయి. రాతిలో అలాంటి నెర్రెల గుర్తు ఉందంటే అక్కడ నీరు వచ్చి పోయేదని అర్థం. నెర్రె ఎప్పుడూ పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. అందుకే నల్లమలలో మడతలు పడి తలకిందులైన పొరలను కూడా ఈ నెర్రెలే పట్టిస్తాయి. సన్నటి వైపు ఆకాశం కేసి చూస్తుంటే ఆ పొర బోర్లా పడినట్టు లెక్క.

ఇంకో గుర్తు ఏటవాలు పొరలు. పెద్ద పొర లోపల సన్నటి గీతలు ఒక పక్కకు వాలి ఉంటాయి. దాని పైపొరలో అవి సరిగ్గా ఎదుటి పక్కకు వాలి ఉంటే, నీరు ఒకసారి లోపలికీ ఒకసారి బయటికీ పారిందన్నమాట. ఆటు, పోటు! నదిలో నీరు అలా వెనక్కి తిరగదు.

ఒక్క గుర్తు చూసి సముద్రం అనేయడం తొందరపాటే అవుతుంది. పెద్ద చెరువు ఒడ్డునా అలలు లేస్తాయి, ఎండిన వాగులోనూ బురద పగులుతుంది. అలల గీతలు, ఎదురెదురు వాలులు, నెర్రెలు, ఒండ్రు కలవకుండా అలలు కడిగిన శుభ్రమైన ఇసుక, ఇవన్నీ ఒకే వరసలో దొరికి, అదే సంగతి కిలోమీటర్ల పొడవునా కొనసాగితేనే శాస్త్రవేత్తలు తీరమని నమ్ముతారు. ఒకే రాతి మీద ఇద్దరు నిపుణులు ఏళ్ల తరబడి వాదించుకోవడం కూడా మామూలే. ఆ వాదనలను నేను గౌరవిస్తాను. వాటి వల్లనే ఈ చదువు నమ్మదగింది అయింది.

> రోజుకు 22 గంటలే!
>
> ఆటుపోట్లు చంద్రుడి పని. పున్నమికీ అమావాస్యకూ పోటు పెరుగుతుంది, అష్టమి ప్రాంతంలో తగ్గుతుంది. పోటు పెద్దదైతే ఇసుక పొర మందంగా, చిన్నదైతే పలచగా పడుతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎలటీనా రాళ్లలో ఇలాంటి పొరలను జార్జ్ విలియమ్స్ అనే శాస్త్రవేత్త ఓపిగ్గా లెక్కపెట్టారు. సుమారు 62 కోట్ల ఏళ్ల కిందట రోజుకు దాదాపు 22 గంటలేనని, ఏడాదికి దాదాపు 400 రోజులని తేలింది. చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున ఇప్పటికీ దూరం జరుగుతూనే ఉన్నాడు. తిరుమల ఇసుక పడే నాటికి చంద్రుడు మనకు ఇంకా దగ్గర, రోజు ఇంకా చిన్నది.

చెట్టు లేదు, పీత లేదు

ఆ ఒడ్డున నిలబడితే ఏం కనిపించేది? తాటిచెట్టు లేదు, సరుగుడు తోట లేదు. నేల మీద గడ్డిపోచ కూడా లేదు. మొక్కలు నేల మీదికి రావడానికి ఇంకా వంద కోట్ల ఏళ్లకు పైగా సమయం ఉంది. వేళ్లు పట్టి ఆపే మట్టి లేదు కాబట్టి నదులు గట్లు లేకుండా విచ్చలవిడిగా పారేవి. ఒడ్డున గవ్వ లేదు, ఆలిచిప్ప లేదు, పీత బొరియ లేదు. ఇప్పటి తీరంలో పీతలూ పురుగులూ ఇసుకను తవ్వి పొరలను చెరిపేస్తుంటాయి. ఆ రోజుల్లో తవ్వే ప్రాణి లేదు. అంత పాత రాతిలో అలల గీతలు అంత చక్కగా నిలవడానికి అదొక కారణం.

ప్రాణం అసలే లేదని కాదు. కడప జిల్లా వేంపల్లె చుట్టుపక్కల డోలమైటు అనే ఒక రకం సున్నపు రాళ్లలో గుండ్రటి, అలలలాంటి సన్నని పొరలు కనిపిస్తాయి. క్యాబేజీని నడిమికి కోసినట్టుంటాయి. వీటిని స్ట్రొమటోలైట్లు అంటారు. లోతు లేని నీళ్లలో సయనోబాక్టీరియా జిగటగా చాపలా పరుచుకుంటుంది. పోటుతో వచ్చిన సన్నటి సున్నపు బురద దాని మీద అంటుకుంటుంది. ఎండ కోసం సూక్ష్మజీవులు మళ్లీ దాని పైకి వస్తాయి. ఇలా పొర మీద పొర. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే దగ్గర ఇప్పటికీ ఇవి పెరుగుతున్నాయి, అదీ ఏడాదికి ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. మనం పీల్చే ప్రాణవాయువును భూమి గాలిలో మొట్టమొదట నింపింది ఈ సయనోబాక్టీరియా జాతే. వేంపల్లె దారిలో గొర్రెలు తోలుకుపోయే పిల్లలు ఆ స్ట్రొమటోలైట్ల మీదుగానే నడుస్తుంటారు. వాళ్ల బడి పుస్తకంలో ఈ పాఠం ఉండాలని నాకు గట్టి కోరిక.

ఊళ్ల పేర్లే రాళ్ల పేర్లు

తిరుమల ఈ కథలో ఒక కొస మాత్రమే. నగరి, తిరుపతి నుంచి కడప, నంద్యాల, నల్లమల మీదుగా కృష్ణ దాకా నెలవంక ఆకారంలో 44 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న రాళ్లను కడప బేసిన్ అంటారు. బ్రిటిష్ హయాంలో విలియం కింగ్ అనే భూగర్భ సర్వే అధికారి ఈ కొండలన్నీ తిరిగి, కడప, కర్నూలు శిలల మీద పెద్ద నివేదిక రాశాడు. అది 1872లో అచ్చయింది. ఈ బేసిన్ మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ దాన్ని తిరగేస్తారు.

పొరలకు పెట్టిన పేర్లు వింటే మన బస్టాండు బోర్డు చదువుతున్నట్టే ఉంటుంది. అడుగున గుల్చేరు, అంటే పాలకోవాకు పేరుపడ్డ మన గువ్వలచెరువు. దాని మీద వేంపల్లె, ఆపైన పులివెందుల, తాడిపత్రి, గండికోట. కర్నూలు వైపు బనగానపల్లె, నర్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. ఈ రాళ్ల మీద పరిశోధన చేసేవాళ్లు ఏ దేశం వాళ్లయినా ఈ పేర్లే పలకాలి.

ఆ వరసలోనే సముద్రం కదలిక ఉంది. గువ్వలచెరువులో అడుగున గులకరాళ్లు, ఇసుక. అది ఒడ్డు. దాని పైన వేంపల్లెలో సున్నపు రాళ్లు, బురద రాళ్లు. అంటే సముద్రం లోపలికి వచ్చింది, ఒడ్డు వెనక్కి జరిగింది. మళ్లీ పులివెందులలో ఇసుక, తాడిపత్రిలో బురద, గండికోటలో మళ్లీ ఇసుక. పక్కపక్కన ఉండే ఒడ్డు, పర్ర, లోతు నీరు కాలక్రమంలో ఒకదాని మీదికి ఒకటి జరుగుతూ వస్తే రాతిలో అవి పైనా కిందా అయ్యాయి. తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిల వయసును కొలిస్తే సుమారు 189 కోట్ల ఏళ్లని తేలింది. అది చొచ్చుకున్న పొరలు అంతకన్నా పాతవే.

ఈ బేసిన్‌లో పేరుకున్న రాళ్ల మొత్తం మందం 10 కిలోమీటర్లకు పైనే. అయితే సముద్రం అంత లోతా? కాదు. అడుగు నుంచి పై దాకా ఎక్కడికక్కడ అలల గీతలూ నెర్రెలూ దొరుకుతున్నాయంటే నీరు ఎప్పుడూ లోతు తక్కువే. ఇసుక పడే కొద్దీ అడుగు నెమ్మదిగా కుంగుతూ పోయింది, కుంగిన మేరకు మళ్లీ ఇసుక పడింది. రాతి మీద చిటికెన వేలంత గీత, భూమి ఎన్ని కిలోమీటర్లు కుంగిందో సాక్ష్యం చెబుతుంది. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది ఇదే.

> అమరావతి బుద్ధుడి రాయి
>
> అమరావతి స్తూపం మీది శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయి మీద. నర్జి సున్నపురాయి పల్నాడు వైపు కొనసాగిన భాగం అది. ప్రాచీన సముద్రపు అడుగున కదలిక లేని నీళ్లలో దిగిన మెత్తటి సున్నపు బురద కాబట్టే ఉలికి లొంగింది, సన్నటి నగిషీ నిలిచింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాల్లో చాలా భాగం తర్వాత లండన్ చేరాయి. బ్రిటిష్ మ్యూజియంలో వందకు పైగా ఉన్నాయి.

పొర మీద బతుకులు

బేతంచెర్ల, తాడిపత్రి, జమ్మలమడుగు వైపు నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్లకు పొర అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేదు. పొర పట్టిన చోట గడ్డపార దించితే బండ చీలుతుంది, పట్టు తప్పితే ముక్కలవుతుంది, కూలీ పోతుంది. అలల తాకిడి లేని నీళ్లలో సున్నపు బురద పలచటి రేకులుగా పడింది కాబట్టే రాయి అలా పలకలుగా లేస్తుంది. మన వంటింటి గట్టు, వరండా, బడి గచ్చు అన్నీ ఆ సముద్రపు అడుగే. తెలంగాణలో తాండూరు నాపరాయి, కర్ణాటకలో షాబాదు బండలు భీమా బేసిన్ అనే ఇంకో ప్రాచీన సముద్రానివి. ఇవే రాళ్లు సిమెంటు ఫ్యాక్టరీలకూ ముడిసరుకు. బేతంచెర్ల, తాడిపత్రి రోడ్ల పక్కన పాలిష్ మిల్లుల తెల్లటి బురద, ఎవరికీ పనికిరాని ముక్కల దిబ్బలు చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆ గనులను మూయమని ఎవరూ అనలేరు, వేల కుటుంబాల కూడు అది. తవ్వే ముందు ఏ పలక మీద ఏముందో ఒకసారి చూసి, అపురూపమైనవి పక్కన పెట్టే ఏర్పాటు ఉండాలని మాత్రం అడగగలం.

తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు పొలాల్లో తల వంచుకుని వజ్రాలు వెతికే జనం ప్రతి ఏటా వార్తల్లో కనబడతారు. వజ్రాలు భూగర్భంలో ఎంతో లోతున పుట్టి, సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట వజ్రకరూరు దగ్గర అగ్నిపర్వత నాళాల వెంట పైకి వచ్చాయి. వానలకు కొట్టుకుపోయి ఏటి గులకల్లో, ఒడ్డు గులకల్లో చేరాయి. బనగానపల్లె దగ్గర ఆ గులకరాళ్ల పొర కోసమే పూర్వం రాతిలో సొరంగాలు తవ్వారు. ఒడ్డు ఎక్కడుందో శాస్త్రం చెప్పకముందే వజ్రాల కోసం తవ్వినవాళ్లకు తెలుసు.

అన్ని కథలూ అంత ముచ్చటైనవి కావు. వేంపల్లె డోలమైటు పొరల్లోనే తుమ్మలపల్లె యురేనియం ఉంది. గని, శుద్ధి కర్మాగారం వచ్చాక తమ బోర్ల నీళ్లు పాడయ్యాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. వాళ్ల మాట వినాలి. పొరల వెంట నీరు ఎటు కదులుతుందో చెప్పేది కూడా ఈ రాళ్ల చదువే కాబట్టి, పరీక్షల లెక్కలు వాళ్లకు అర్థమయ్యే తెలుగులో వాళ్ల ముందు పెట్టాలి.

తిరుమలలోనూ అంతే. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు దొర్లి రోడ్డు దెబ్బతింది, ఐఐటీ నిపుణులు వచ్చి చూడాల్సి వచ్చింది. పొరల మధ్య సందులు, నిలువు పగుళ్లు ఉన్న క్వార్ట్‌జైట్‌లోకి కుండపోత నీరు దిగితే బండలు వదులవుతాయి. అక్కడ పొర ఎటు వాలిందో తెలుసుకోవడం యాత్రికుల ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఇంకా రాయి కాని ఒడ్డు

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని ఎర్రమట్టి దిబ్బలు ఇదే కథలో తాజా అధ్యాయం. సుమారు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరినప్పుడు, సముద్ర మట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందికి దిగింది. ఒడ్డు చాలా దూరం వెనక్కి పోయి, బయటపడ్డ ఇసుకను గాలి లోపలికి తోలింది. ఇసుక రేణువుల మీద ఇనుము తుప్పు పూతలా పట్టి ఎర్రబడింది. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడులో, శ్రీలంకలో తప్ప మరెక్కడా లేవు. భూగర్భ సర్వే సంస్థ 2014లో వీటిని జాతీయ భూ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అయినా 2024 జులైలో అక్కడ యంత్రాలతో చదును చేస్తున్న దృశ్యాలు బయటికి వచ్చాయి. పర్యావరణ కార్యకర్తలు, స్థానికులు గట్టిగా అడ్డుపడ్డాకే పని ఆగింది. తిరుమల క్వార్ట్‌జైట్ గట్టిది, ఎంత దెబ్బనైనా కొంతకాలం తట్టుకుంటుంది. ఈ దిబ్బలు ఇసుక. వాటి పొరలు ఒక్క పూటలో పోతాయి, మళ్లీ రావు.

పేరు ఎక్కాక చేయాల్సింది

తాత్కాలిక జాబితాలో చేరినంత మాత్రాన ప్రపంచ వారసత్వ హోదా రాదు. కనీసం ఏడాది పాటు ఆ జాబితాలో ఉన్నాకే ప్రతిపాదన పంపే అర్హత వస్తుంది. ఆ ప్రతిపాదనలో స్థలాన్ని ఎలా కాపాడుతున్నామో ఆధారాలతో చూపించాలి. ఎర్రమట్టి దిబ్బల హద్దులు రాళ్లు పాతి తేల్చడం ఆ పనిలో మొదటిది కావాలి.

గండికోట అభివృద్ధికి 2024లో కేంద్రం దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. గుడారాలు, దీపాలు, రోడ్లు అవసరమే. ఆ డబ్బులో చాలా కొద్ది భాగంతో పెన్నా లోయ అంచున అలల గీతలున్న బండల చుట్టూ కంచె వేసి, అవి ఏమిటో తెలుగులో రాసిన బోర్డు పెట్టవచ్చు. శిలాతోరణం దగ్గర, ఘాట్ రోడ్డు గీత దగ్గర, వేంపల్లె స్ట్రొమటోలైట్ల దగ్గర కూడా అలాంటి బోర్డులు కావాలి. రాళ్ల మీద పేర్లు చెక్కడం, రంగులు పూయడం నేరమని ఆ బోర్డులోనే ఒక వాక్యం ఉండాలి.

తిరుపతి, కడప, నంద్యాల, పల్నాడు, విశాఖ జిల్లాల సైన్సు టీచర్లకు ఒక విన్నపం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను ఏడాదికి ఒక్కసారి దగ్గర్లోని పొరల రాయి దగ్గరికి తీసుకెళ్లండి. సుత్తి వద్దు. ఒక స్కేలు, ఒక నోటుపుస్తకం ఇచ్చి, అలల గీతలు ఎటు వాలాయో గీసుకుని రమ్మనండి.